బిడ్డలో తల్లి ముద్ర, తండ్రి ముద్ర

"పోలిక ఎవరిది?" అన్న ప్రశ్న పురిటిగదిలోనే మొదలవుతుంది. ముక్కు మేనమామది, నుదురు తాతగారిది, చేతివేళ్ళు నాయనమ్మవి అని చుట్టాలు తలా ఒకటి పంచుకుంటారు. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఈ పంపకం వేడుకగానే సాగుతుంది. ఏదైనా లోపం బయటపడిననాడు అదే ప్రశ్న నిందగా మారుతుంది. ఆ నింద సాధారణంగా కోడలి మీదికే పోతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల నడుమ దశాబ్దాలుగా వైద్యం చేస్తున్నవాడిని. ఈ మాట ఏ పుస్తకంలోనో చదివి చెప్పడం లేదు.

సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న మాఘమాసంలో, పర్చూరు వైపు నుండి ఒక కుటుంబం నా వద్దకు వచ్చింది. ఏడేళ్ళ బాలుడు, తల్లి, నాయనమ్మ. బాలుడు పొట్టిగా, బాగా లావుగా ఉన్నాడు. చేతులు, పాదాలు మాత్రం వయసుకు తగనంత చిన్నవి. వానికి ఆకలి తీరదు. అన్నం తిని చేయి కడుక్కున్న అరగంటకే మళ్ళీ వంటింట్లో కనిపిస్తాడు. బెల్లం, పచ్చి బియ్యం, దోసెల పిండి, ఏది దొరికితే అది తింటాడు. ఒకనాటి రాత్రి గేదెకు నానబెట్టిన పత్తిగింజలు సైతం తిన్నాడట. నాయనమ్మ తీర్పు చెప్పినట్లే చెప్పింది: "మా ఇంట్లో ఇట్టాంటి తిండి ఎవురికీ లేదు శాస్త్రిగారూ. అంతా మా కోడలి పుట్టింటోళ్ళ పోలిక." తల్లి తల వంచుకొని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

నేను దానిని అత్యగ్నిగా భావించాను. జఠరాగ్ని మితిమీరి, తిన్నది తిన్నట్లు భస్మం చేసే స్థితి అది. తరువాతి గ్రంథకర్తలు దీనికే భస్మకమని పేరు పెట్టారు. చరకసంహితలోని గ్రహణీ చికిత్సాధ్యాయంలో దీనికి గురువు, స్నిగ్ధము, శీతలము, మధురము అయిన ఆహారం చెప్పబడింది. అందువల్ల గేదెపాలు, నెయ్యి, పాయసం, మినపపిండి వంటకాలు మూడు నెలలు వాడించాను. బాలుని బరువు బాగా పెరిగింది. ఆకలి ఆవగింజంతైనా తగ్గలేదు.

తప్పు నాదే. అత్యగ్నిలో ఆహారం చాలకపోతే అగ్ని శరీరధాతువులనే దహిస్తుంది, రోగి కృశించిపోతాడు. నా ఎదుట కూర్చున్నవాడు నెలనెలా లావెక్కుతున్నాడు. ఆ ఒక్క విషయం చూచి నేను ఆగవలసింది. ఆగలేదు.

చివరకు గుంటూరులో నాకు పరిచయమున్న పిల్లల వైద్యుని వద్దకు వారిని నేనే వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆయన బాలుని పరీక్షించుటకు ముందే తల్లిని ఒక ప్రశ్న అడిగారు: "అమ్మా, పుట్టినప్పుడు పాలు బాగా తాగాడా?" ఆమె అప్పుడు నోరు విప్పింది. పుట్టినప్పుడు బిడ్డ గుడ్డపేలికలా మెత్తగా ఉన్నాడట. ఏడుపు సరిగా లేదు, రొమ్ము పట్టే శక్తి లేదు. మూడు నెలలపాటు పాలు పిండి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసి బ్రతికించుకున్నదట. పాలు చీకలేని పసికందు నాలుగేళ్ళు వచ్చేసరికి తిండి ఆపలేని బాలుడైనాడు. ఈ రెండు సంగతులూ ఒకే వ్యాధికి మొదలు, నడుమ అని ఆ వైద్యుడు వెంటనే గుర్తుపట్టారు. హైదరాబాదులో చేయించిన రక్తపరీక్షలో అదే తేలింది. ప్రాడర్–విల్లీ సిండ్రోమ్. ఈ పేరు స్విట్జర్లాండు వైద్యుల నుండి వచ్చింది. ప్రాడర్, లాబ్‌హార్ట్, విల్లీ అనువారు 1956లో దీనిని వర్ణించారు. కడుపు నిండిందన్న కబురు అందుకొనవలసిన మెదడులోని భాగం ఈ బిడ్డలలో సరిగా పనిచేయదు. ఎంత తిన్నా వారికి తృప్తి కలగదు. సుమారు పదిహేను వేల జననాలలో ఒకరికి ఈ వ్యాధి వస్తుందని అంచనా.

ఆ పరీక్ష ఫలితంలో ఉన్న ఒక వాక్యం నన్ను చాలాకాలం వెంటాడింది. పదిహేనవ క్రోమోజోములో తండ్రి నుండి రావలసిన చిన్న ముక్క బాలునిలో లేదు. తల్లి నుండి వచ్చిన ముక్క మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నది. సాధారణంగా జన్యువులు జంటలుగా ఉంటాయి కదా, ఒకటి పోయినా రెండవది ఆ పని చేయవలె. తల్లి ఇచ్చినది ఉండగా బిడ్డకు వ్యాధి ఎందుకు వచ్చింది?

ఒకే లోపం, రెండు వ్యాధులు

దీనికి సమాధానం మరొక వ్యాధిలో దొరుకుతుంది. 1965లో హ్యారీ ఏంజెల్‌మన్ అనే ఆంగ్ల శిశువైద్యుడు వేరొక రకం పిల్లలను గూర్చి వ్రాశారు. వీరికి మాటలు రావు. నడక తూలుతూ, కాళ్ళుచేతులు కుదుపులతో కదులుతాయి. మూర్ఛలు వస్తాయి. ముఖాన మాత్రం ఎప్పుడూ నవ్వే. ప్రాడర్–విల్లీ బిడ్డలకు, వీరికి పైకి ఎట్టి సంబంధమూ కనిపించదు. 1980ల నాటికి క్రోమోజోములను సూక్ష్మంగా చూచే వీలు కలిగిన పిమ్మట, రెండు వ్యాధులలోను పోయినది పదిహేనవ క్రోమోజోములోని ఆ ఒకే భాగమని తెలిసి వైద్యలోకం ఆశ్చర్యపోయింది. తండ్రి వైపు ముక్క పోయిన బిడ్డకు ప్రాడర్–విల్లీ, తల్లి వైపు ముక్క పోయిన బిడ్డకు ఏంజెల్‌మన్.

1989లో మరొక చిత్రం బయటపడింది. కొందరు ప్రాడర్–విల్లీ బిడ్డలలో ఏ ముక్కా పోలేదు. పదిహేనవ క్రోమోజోములు రెండూ నిండుగా ఉన్నాయి. అయితే రెండూ తల్లివే! తండ్రిది ఒక్కటీ లేదు. జన్యువుల లెక్క సరిపోయినా వ్యాధి వచ్చింది. కనుక ఎన్ని ఉన్నాయన్నది చాలదు, ఎవరి నుండి వచ్చాయన్నది కూడా చూడవలె.

టిక్కీ మీది గుర్తు

దీనినే జన్యుముద్రణ, అనగా జీనోమిక్ ఇంప్రింటింగ్ అంటారు. మన గుంటూరు మిర్చి యార్డు చూచినవారికి దీనిని చెప్పడం సులభం. రెండు టిక్కీలలో ఒకే చేలో కోసిన ఒకే రకం కాయ ఉండవచ్చును. కాయలో భేదం లేకపోయినా టిక్కీ మీద వేసిన గుర్తును బట్టి ఒకటి ఈనాడే బయటికి పోతుంది, ఇంకొకటి కోల్డు స్టోరేజీలో మూతపడి ఉంటుంది. జన్యువుల సంగతీ ఇంచుమించు అట్లే. అక్షరాలలో మార్పు ఉండదు. మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తు డి.ఎన్.ఎ. మీద పడుతుంది. ఆ గుర్తును బట్టి కొన్ని జన్యువులు తల్లి నుండి వచ్చినప్పుడు మాత్రమే పలుకుతాయి, కొన్ని తండ్రి నుండి వచ్చినప్పుడు మాత్రమే పలుకుతాయి. మానవునిలో సుమారు ఇరవై వేల జన్యువులుండగా ఇట్టివి నూరు, రెండు నూర్లకు మించవు. తక్కినవన్నీ రెండు వైపులవీ పనిచేసేవే. సంఖ్య చిన్నదైనా ఇవి గర్భంలో ఎదుగుదల, మాయ, మెదడు, ఆకలి వంటి ముఖ్య విషయాలను నడిపిస్తాయి.

పదిహేనవ క్రోమోజోములోని ఆ ముక్కలో తల్లి ఇచ్చిన కొన్ని జన్యువులు ఎవరిలోనైనా మూగవే. తండ్రి ఇచ్చినవే వాటి పని చూస్తాయి. తండ్రిది పోతే పలికేది లేదు. అందుకే తల్లి ముక్క చెక్కుచెదరకుండా ఉన్నా మా బాలునికి అది అక్కరకు రాలేదు.

ఈ గుర్తు శాశ్వతం కాదు. ప్రతి తరంలోను చెరిగి మళ్ళీ పడుతుంది. ఇంట్లో నిందలు వేసుకొనేవారు ఇది తప్పక తెలుసుకోవలె. ఒక స్త్రీకి తన తండ్రి నుండి వచ్చిన జన్యువు ఆమెలో తండ్రి ముద్రతో ఉంటుంది. ఆమె అండంలోకి అది చేరేటప్పుడు పాత ముద్ర పోయి తల్లి ముద్ర పడుతుంది. ఏంజెల్‌మన్ వ్యాధికి సంబంధించిన యు.బి.ఇ.3ఎ. అనే జన్యువునే తీసుకొనండి. మెదడు కణాలలో తల్లి ఇచ్చినదే పలుకుతుంది. ఒక తాతగారి బీజంలో ఆ జన్యువుకు లోపం ఉన్నదనుకుందాం. ఆయన పిల్లలకు అది తండ్రి వైపు జన్యువు గనుక, వచ్చినా బాధించదు. కొడుకూ ఆరోగ్యవంతుడే, కూతురూ ఆరోగ్యవంతురాలే. లోపం అందిన కూతురు తల్లి అయినప్పుడు మాత్రం ఆమె బిడ్డలలో సగం మందికి వ్యాధి వచ్చే అవకాశం ఉంటుంది. లోకం కూతురిని చూపి వేలెత్తుతుంది. లోపం వచ్చినది ఆమె తండ్రి నుండి. ఆయనకూ దాని ఊసు తెలియదు.

పత్తి చేలోని సాక్ష్యం

ఇంప్రింట్ అన్న మాటను ఈ అర్థంలో మొదట వాడినది హెలెన్ క్రౌస్ అనే శాస్త్రవేత్త. 1960లో ఒక చిన్న ఈగజాతి పురుగును పరిశీలిస్తూ వాడారు. మన పొలాలలోనే అంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. పిండినల్లిని రైతు కుటుంబాలకు నేను పరిచయం చేయనక్కరలేదు. పెరటి మందార కొమ్మకు పిండి చల్లినట్లు తెల్లగా పట్టేది అదే. 2005 తరువాతి కొన్నేళ్ళలో దేశంలోని పత్తి చేలను ఇది ఎంతగానో బాధించింది. వీటిలో ఆడదానికి రెక్కలుండవు. మగది చిన్న రెక్కలతో ఎగురుతుంది. మగ పురుగు ఇంకా పిండదశలో ఉండగానే తండ్రి నుండి వచ్చిన క్రోమోజోములన్నీ ముద్దకట్టి మూగపోతాయి. తల్లివే పనిచేస్తాయి. పైగా అది తన సంతానానికి అందించేది కూడా తల్లి నుండి వచ్చిన వాటినే. ఆడ పురుగులో మాత్రం రెండు వైపులవీ పలుకుతాయి.

1961లో స్పెన్సర్ బ్రౌన్, నెల్సన్–రీస్ అనువారు ఈ జాతి మగ పురుగులను ఎక్స్ కిరణాలకు గురిచేసి, తరువాత ఆడ పురుగులతో జతపరచి చూచారు. పుట్టిన సంతానంలో ఆడవి చనిపోగా మగవి బ్రతికాయి. తండ్రి బీజం ఎంత చెడినా కొడుకులలో అది ఎటూ పలకదు గనుక వాటికి హాని లేకపోయింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో హెచ్. శరత్ చంద్ర ఈ పిండినల్లి మీదనే పరిశోధనలు చేశారు. 1975లో ఆయన, బ్రౌన్ కలిసి క్షీరదాల ఎక్స్ క్రోమోజోముకు కూడా ఇట్టి ముద్ర ఉండవచ్చునని నేచర్ పత్రికలో ప్రతిపాదించారు. మనం మందు కొట్టి చంపే పురుగుకు ఇంత చరిత్ర ఉన్నదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

మొక్కజొన్నలోను ఇట్టిదే ఒకటి కలదు. గింజకు ఊదారంగు ఇచ్చే ఒక జన్యువు తల్లి మొక్క నుండి వస్తే గింజ నిండా రంగు వస్తుంది. పుప్పొడి ద్వారా వస్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది. జెర్రీ కెర్మికిల్ దీనిని 1970లో నిరూపించారు.

ఒంగోలు జాతి పశువుల మాట చెప్పకుండా ఉండలేను. బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అన్న పేరుతో అక్కడి మందలను నింపినవి మన పశువులే. అమెరికాలోని బ్రాహ్మణ్ జాతిలోను వాటి రక్తం కలదు. ఆ బ్రాహ్మణ్ ఆంబోతుకు ఐరోపా జాతి ఆవును కట్టిస్తే దూడ పుట్టుకలోనే బరువుగా ఉంటుంది. ఆవు, ఆంబోతుల జాతులు తారుమారు చేస్తే దూడ తేలిక. ఆవు గర్భసంచిని బట్టి ఇట్లు జరిగిందని అనుకుంటారేమో. పిండాలను తీసి వేరే ఆవుల గర్భంలో పెంచి చూచినా ఈ భేదం పోలేదు. తండ్రి వైపు పలికే జన్యువులలో కొన్ని ఎదుగుదలను ముందుకు తోస్తాయి, తల్లి వైపు పలికేవాటిలో కొన్ని దానికి పగ్గం వేస్తాయి. ఎలుకలలో 1991లో ఈ రెండు రకాలకూ ఉదాహరణలు దొరికాయి.

స్త్రీలకు తెలిసిన ఉదాహరణ మరొకటి ఉన్నది. ముత్యాల గర్భం. నెల తప్పుతుంది, కడుపు పెరుగుతుంది. లోపల బిడ్డ ఉండదు. మాయ మాత్రం ద్రాక్షగుత్తిలా బుడగలు బుడగలుగా పెరిగి ఉంటుంది. ఇట్టి పూర్తి ముత్యాల గర్భంలో క్రోమోజోములన్నీ తండ్రివేనని 1977లో తెలిసింది. 1984లో కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ బృందం, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ ఎలుకలలో దీనిని పరీక్షించారు. కేవలం తల్లి వైపువి, లేక కేవలం తండ్రి వైపువి ఉన్న పిండాలు ఏవీ నిలువలేదు. ఇట్టి గర్భం వచ్చిన స్త్రీ ఏదో తినరానిది తిన్నదని, గ్రహణం చూచినదని అనే పెద్దలను నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఆమెకు కావలసినది వెంటనే ఆసుపత్రిలో శుద్ధి, ఆ తరువాత వైద్యులు చెప్పినంతకాలం రక్తపరీక్షలు. కషాయాలతో కాలయాపన చేయరాదు. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

మన శాస్త్రం ఏమన్నది

చరకసంహిత శారీరస్థానంలో గర్భం మాతృజ, పితృజ, ఆత్మజ, సాత్మ్యజ, రసజ, సత్త్వజ భావాల కలయిక వలన ఏర్పడుతుందని చెప్పబడింది. చర్మం, రక్తం, మాంసం, మేదస్సు, హృదయం, కాలేయం, ప్లీహం వంటి మృదువైనవి తల్లివి. వెంట్రుకలు, గోళ్ళు, దంతాలు, ఎముకలు, స్నాయువుల వంటి గట్టివి తండ్రివి. దీనిని చూపి జన్యుముద్రణ మనవారికి ముందే తెలుసునని సభలలో చెప్పేవారున్నారు. నేను వారితో ఏకీభవించలేను. ఆ విభజన అవయవాలను బట్టి చేసినది. ఈనాడు తెలిసినది జన్యువులను బట్టి. కాలేయంలోనూ తండ్రి జన్యువులు పనిచేస్తాయి, ఎముకలోనూ తల్లివి పనిచేస్తాయి.

అదే స్థానంలో ఉన్న మరొక చర్చ నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. గ్రుడ్డివానికి గ్రుడ్డి సంతానమే ఎందుకు పుట్టదని భరద్వాజుడు ప్రశ్నిస్తాడు. ఆత్రేయుడు దానికి సమాధానం చెబుతూ, బీజంలో ఏ అవయవానికి చెందిన భాగం చెడితే ఆ అవయవమే చెడుతుందని, తల్లిదండ్రుల శరీరంలోని వైకల్యం అట్లే దిగిపోదని వివరిస్తాడు. అనగా తల్లిదండ్రుల దేహం వేరు, వారిచ్చిన బీజం వేరు. మా బాలుని తండ్రి పదిహేనవ క్రోమోజోముకు ఏ లోపమూ లేదు. ఆ ఒక్క శుక్రకణం తయారైనప్పుడు ముక్క జారిపోయింది, అంతే. ఫలితం విన్న నాయనమ్మ, "అయితే మావాడి దోషమాండీ?" అని కంగారుపడింది. అప్పుడు ఆమెకు చెప్పినదీ ఇదే. చాలామంది ప్రాడర్–విల్లీ బిడ్డల విషయం ఇంతే. తరువాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఒకటి కంటె తక్కువ. అరుదుగా ముద్రను నడిపించే భాగమే చెడిన కుటుంబాలలో అది సగం దాకా ఉండవచ్చును. అందువల్ల రెండవ కాన్పుకు ముందు జన్యువైద్యుని సలహా తప్పనిసరి.

మేనరికం సంగతి చాలామంది అడుగుతారు. పై దంపతులది మేనరికం కాదు. మేనరికాల వలన పెరిగేవి వేరే వ్యాధులు. తల్లి వైపు, తండ్రి వైపు రెండు జన్యువులూ చెడినప్పుడు వచ్చేవి. వాటి భయం నిజమైనదే.

ఇంట్లో చేయవలసినది

పుట్టిన బిడ్డ మెత్తగా జారిపోతూ, పాలు చీకలేకపోతే, మగబిడ్డకు వృషణాలు దిగకపోతే, పిల్లల వైద్యునికి చూపి మిథైల్ ముద్రను చూచే రక్తపరీక్షను గూర్చి అడగండి. ప్రాడర్–విల్లీ దాదాపు అందరిలోను దీనితో బయటపడుతుంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి వైద్య జన్యుశాస్త్ర విభాగంలోను, సి.డి.ఎఫ్.డి. సంస్థలోను జన్యువ్యాధుల నిర్ధారణ జరుగుతుంది. ముందుగా తెలిస్తే ఎదుగుదల హార్మోను ఇప్పించవచ్చును. దాని వలన కండబలం, ఎత్తు పెరుగుతాయి. ఆకలిని కొంత అదుపు చేసే ఒక మందుకు 2025లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇట్టి బిడ్డకు తోటి పిల్లలు తినే దానిలో సుమారు మూడింట రెండు వంతులే చాలును. జొన్నన్నం, కూరగాయలు, ఆకుకూరలు, వెన్నతీసిన పలుచని మజ్జిగ కొలిచి, వేళ తప్పకుండా పెట్టవలె. నెయ్యి, బెల్లం, వేపుళ్ళు బహుకొద్దిగా. వంటింటికి తాళం వేయడం క్రూరమని చుట్టాలు అంటారు. వేళకు అన్నం వస్తుందని, మధ్యలో ఏమీ దొరకదని నిశ్చయంగా తెలిసిన బిడ్డ మనసు కుదుటపడుతుంది. పెళ్ళిళ్ళలో, గుడిలో ప్రసాదాల వద్ద కన్ను వేసి ఉంచండి.

శొంఠి, పిప్పలి, చిత్రమూలం వంటి దీపన ద్రవ్యాలు ఇవ్వకండి. లావు తగ్గించే చూర్ణాల ప్రకటనలు నమ్మకండి. వమన కర్మ ఎట్టి పరిస్థితిలోను చేయించరాదు. ఈ పిల్లలకు వాంతి సులభంగా కాదు, వాంతికి ఇచ్చిన మందు లోపలే ఉండి హాని చేస్తుంది. నొప్పి కూడా వీరికి తక్కువగా తెలుస్తుంది. కనుక వాంతి అయినా, కడుపు ఉబ్బినా అజీర్ణమని వాము నీళ్ళు పోస్తూ కూర్చోక తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవలె. గర్భిణికి ఏవో సంస్కారాలు చేసి జన్యుముద్రలు సరిచేస్తామని డబ్బు తీసుకొనేవారు ఈమధ్య బయలుదేరారు. అట్టి ఔషధం మన శాస్త్రంలో లేదు, ఆధునిక వైద్యంలోను లేదు.

ఆ బాలుడు ఇప్పుడు ఇరవై ఏడేళ్ళవాడు. బరువు అదుపులోనే ఉన్నది. ఈ పిల్లలలో కొందరికి చిన్న చిన్న ముక్కలను వేరుచేసి అమర్చే నేర్పు బాగా ఉంటుంది. వానికీ ఉన్నది. కోతల కాలంలో కల్లంలో కూర్చొని తాలు కాయలు ఏరితే వానికి సాటి లేరని వాళ్ళ ఊరివారు అంటారు. "మిరపకాయల్లో కూర్చుంటే తినడానికి ఏముంటది శాస్త్రిగారూ, అందుకే ఆ పనిలో పెట్టా" అని తల్లి నవ్వుతూ చెప్పింది. నాయనమ్మ పోయి ఆరేళ్ళయింది. చివరి రోజులలో మనవడికి వేళకు కొలిచి పెట్టినది ఆవిడేనట. వంటింటి తాళంచెవి ఇప్పుడు మళ్ళీ కోడలి బొడ్లోనే ఉంటున్నది.